పడవతో మాట్లాడిన ఊరు

మావ పోయాడు. గురువారం పొద్దున్న, పడవలు ఒడ్డుకి చేరే వేళ, తన పసుపుపచ్చ పడవకి వీపు ఆనించి కూర్చున్నవాడు అలాగే పోయాడు. ఆయన పాడెని మా ఊరు ఎత్తలేదు. ఏరు దాటి అవతలి ఊరివాళ్ళు వచ్చి ఎత్తారు. మా గుమ్మాల ముందునుంచే మోసుకుపోయారు. ఈ పని చేసింది మా ఊరి పెద్దలు. అంతవరకు రాసి ఊరుకుంటే నాకూ హాయిగా ఉండును. కానీ పెద్దలు కొద్దిమంది, గుమ్మాలు ఊరినిండా ఉన్నాయి. ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు నిలబడి చూశారు.

ఆయన పేరు ఇందులో రాయడం లేదు. ఆ పేరు పిలవడం మా ఊరు మానేసి ఏళ్ళయింది. ముందు ఊరు నోరు తెరవాలి, కాగితం సంగతి తరవాత. మావ అనే రాస్తాను. మా వీధి చివరి ఇల్లు, ఊరి వరసకి మావ. ఆయన పోయినా ఆయన మీద వేసిన వెలి మాత్రం పోలేదు. ఇప్పుడది అత్త ఒక్కదాని నెత్తి మీద ఉంది. దాన్ని ఎలా దింపాలన్నదే నా గోల.

మా ఒడ్డు ఎరగనివాళ్ళకి కొంచెం చెప్పాలి. మా ఊరి దగ్గర సముద్రం భూమిలోకి వంగి వస్తుంది. ఆ వంపు లోపల నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. ఏరు వచ్చి కలిసే మొగ దగ్గర మాత్రం ఇసుక మేటలు ఒకచోట ఉండవు. నిన్న దారి ఉన్నచోట ఇవాళ కెరటం విరుగుతుంది. పడవలు తిరగబడేది అక్కడే.

అమ్మోరి పండగ జరిగినన్ని రోజులూ మా ఊరి పడవ ఏదీ నీళ్ళు తాకకూడదు. దాన్ని కట్టు అంటాం. కట్టు దాటినవాడు అమ్మోరికి మేకపోతుని ఇచ్చుకుని, రామమందిరం ముందు నిలబడి, ‘తప్పయిపోనాది’ అని ఊరందరికీ వినిపించేలా అనాలి. అంటే అక్కడితో సరి, అదే పూట పిలిచి పక్కన కూర్చోబెట్టి అన్నం పెడతారు. అనకపోతే వెలి. వెలి పడిన ఇంటితో ఎవరూ మాట్లాడరు, ఎవరూ ఏమీ ఇచ్చి పుచ్చుకోరు, వాళ్ళ పడవ తొయ్యడానికి చెయ్యి వెయ్యరు.

కొన్నేళ్ళ కిందట పండగ నడుస్తుండగా మొగ దగ్గర అవతలి ఊరి పడవ తిరగబడింది. వాళ్ళకి కట్టు లేదు, పండగ మాది. మా ఊరంతా డప్పుల దగ్గర ఉంది. ఒడ్డున ఉన్న మావ కొత్తగా పెళ్ళైన ఇద్దరు కుర్రాళ్ళని కేకేసి, పడవ తోయించి, వెళ్ళి, నీళ్ళలో ఉన్నవాళ్ళందర్నీ ప్రాణాలతో తెచ్చాడు. ఆ సాయంత్రమే తోడెళ్ళిన కుర్రాళ్ళిద్దరూ మందిరం ముందు ఆ మాట అనేసి భోజనానికి కూర్చున్నారు. మావ మేకపోతుని తోలుకొచ్చి స్తంభానికి కట్టాడు.

“మేకని ఇస్తన్నాను. అమ్మోరు తల్లి, తింటాది. మాట మాత్రం ఇవ్వను. తప్పు సెయ్యనేదు, తప్పని ఎలగంటాను?”

“ఒక్క మాటే గదరా. అనీసి అన్నానికి కూకో,” అన్నాడు పెద్దల్లో పెద్దవాడు.

“ఒక్క మాటే గదా మరి. మీరే ఒగ్గీండి.”

అక్కడ ఎవరూ నవ్వలేదు. మునిగినవాళ్ళని అలా వదిలెయ్యమని పెద్దలు కూడా అనలేదు. కాపాడినందుకు కాదు, అమ్మోరికి ఇచ్చిన మాట ఊరి మాట కనక అడుగుతున్నామన్నారు. మావ కదల్లేదు. ఊరూ కదల్లేదు. మేకపోతుని కూడా పుచ్చుకోలేదు. అది ఆయన వెనకే ఇంటికి నడిచొచ్చి, ఆయన గుమ్మంలోనే గడ్డం పెంచుకుని ముసలిదై పోయింది.

ఇసుక మీదినుంచి పెద్ద పడవని నీళ్ళలోకి దింపాలంటే ఎన్నో చేతులు కావాలి. ఒక్కడివల్ల కాదు. వెలి పడిన నాటినుంచి మావ పడవ ఎండలో పడి నెరలు విచ్చింది. అప్పుడు దొరికింది ఆయనకి ఆ పసుపు పడవ. అంతకుముందెప్పుడో పట్నంవాళ్ళెవరో వచ్చి మా వంపులో షికారు పడవలు పెట్టారు. రంగురంగుల ప్లాస్టిక్‌వి, కయాక్‌లు అంటారట. తుపానుకి వాళ్ళ పాకలు లేచిపోయాక మళ్ళీ ఇటు ముఖం చూపించలేదు. అడుగు పగిలిన కయాక్ ఒకటి తుప్పల్లో పడి ఉంటే, వాళ్ళు ఉంచి వెళ్ళిన కాపలావాడిని అడిగి మావ తెచ్చుకున్నాడు. ఫైబర్ పడవలకి అతుకులు వేసే జిగురుతో దానికీ అతుకు వేశాడు.

“ఇది ఒంటిగాడి పడవరా అల్లుడా. సంకన పెట్టుకుని ఎల్లిపోడవే. ఎవుడి సెయ్యీ అక్కర్నేదు,” అనేవాడు. ఆ మాట గొప్పకి అన్నట్టే అనేవాడు.

పిల్లలు దానికి అరటిపండు అని పేరు పెట్టారు. రంగూ అదే, వంపూ అదే. ఆ పేరే నిలిచిపోయింది.

వంపులో ఆయన చేపల వేట చూడాలి. చెరో పక్క కాళ్ళు నీళ్ళలో వేలాడేసి, గేలం తాడు కాలి బొటనవేలికి చుట్టుకుని, చుట్ట నిప్పుకొసని నోట్లో పెట్టుకుని కూర్చునేవాడు. అలా అయితే తుంపర పడ్డా చుట్ట ఆరదు. పండుగప్ప తగిలిందంటే కయాక్ అటూ ఇటూ లాగబడేది. మావ తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, “ఎల్లవే తల్లీ, ఎంత దూరం ఎల్తావో ఎల్లు. డీజిలు నాదేటి?” అనేవాడు. అది అలిసిపోయాక తాడు చుట్టుకునేవాడు.

ఆయన దేవుడేం కాదు. నోరు మంచిది కాదు. చేపలు బాగా పడే చోటు ఎవరికీ తెలియనిచ్చేవాడు కాదు. ఎవరైనా చూస్తున్నారనుకుంటే చేప పిల్ల కూడా ఉండని చోటికి పోయి, పొద్దంతా గేలం వేసినట్టు నటించి, ఉత్త చేతుల్తో వచ్చేవాడు. అత్త తిట్టేది. “సూసినావా, ఆళ్ళు రేపు అక్కడికే ఎల్తారు,” అని మురిసిపోయేవాడు.

ఊరు పడవతో మాట్లాడటం ఎలా మొదలయ్యిందో ఇద్దరి నోటా విన్నాను. మావ చెప్పాడు, ఆ రోజు నీళ్ళలో పడిన కుర్రాడూ చెప్పాడు. ఆ కుర్రాడు ఎవరో కాదు, మందిరం ముందు ‘ఒక్క మాటే గదరా’ అన్న పెద్దాయన కొడుకు, అప్పటికే పెళ్ళైనవాడు. ఒకరోజు మొగ దగ్గర ఇంజను ఆగి, పడవ కెరటానికి అడ్డం తిరిగి బోర్లాపడింది. అతను డీజిలు డబ్బా పట్టుకుని తేలుతున్నాడు. మావ కయాక్ మీద వచ్చి తాడు విసిరాడు.

“పట్టుకోరా!”

అతనికి భయం. నీళ్ళ భయం కాదు. వెలి పడినవాడితో మాట్లాడితే తనకీ వెలి, పైగా వెలేసింది కన్నతండ్రి. నోట్లో ఉప్పునీళ్ళు ఉమ్మేసి, కయాక్ ముక్కు వైపు చూసి అరిచాడు.

“ఓ అరటిపండూ! తాడు అందనేదని సెప్పవే!”

“అరటిపండూ, ఈడు సచ్చిపోతన్నా కట్టుబాటు తప్పడని తెలిసిపోనాది. తాడు ఈడి నెత్తిమీదే ఉన్నాది, సూసుకోమను.”

“అరటిపండూ, పట్టుకున్నానని సెప్పు.”

“అయితే కాళ్ళు ఆడించమను, ఎదవని. ఉప్పు బస్తానాగ ఏలాడతన్నాడు.”

మర్నాడు మావ ఒడ్డుకి వెళ్ళేసరికి కయాక్ ముక్కుకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. బంతిపూల దండ వేసి ఉంది. ముందు కొబ్బరి చెక్కలు రెండు. పెద్దాయన ఇంట్లోవాళ్ళే పెట్టారని అందరికీ తెలుసు. మావ చెక్క ఒకటి కొరుకుతూ, “పడవకి వెలి నేదు కాబోలు,” అన్నాడు.

ఇంక అక్కణ్ణించి అదే వాడుకైపోయింది. పొద్దున్నే మొగ దగ్గరికి ముందు వెళ్ళేది మావే. తెడ్డు దించి ఇసుక ఎక్కడుందో, దారి ఎటు తిరిగిందో చూసుకునేవాడు. ఇంజను పడవలన్నీ ఆయన వెనక వరసలో ఆగేవి. “అరటిపండూ, దారెటు?” అని ఒకడు. మావ ఆకాశం కేసి చూస్తూ, “ఎడం పక్క నుంచి రావాల, కుడి పక్కకి ఎల్లినోడు ఇంటికి రాడు,” అనేవాడు. వెలి వేసిన మనిషి వెనక ఊరి పడవలన్నీ నడిచేవి. వల తెగినా, ఇంజను ఆగినా, మనిషి జారిపడినా కేక ఒకటే: అరటిపండూ! అవతలి ఊరివాళ్ళకైనా అంతే వెళ్ళేవాడు. “మునిగినోడిని ఏ ఊరని అడుగుతావేట్రా?” అన్నాడొకసారి నాతో.

మాలాంటి పెళ్ళికాని వాళ్ళకి ఈ వెలి కట్టుబాటు లేదు. మా ఊళ్ళో పెళ్ళయ్యాకే మగాడి పేరున ఒక ఇల్లు లెక్కకి వస్తుంది. అప్పటిదాకా వాడికి పండగ చందా లేదు, మందిరం ముందు మాటా లేదు. అందుకని నేను మావ గుమ్మంలో కూర్చున్నా పెద్దలు పట్టించుకోలేదు. మా అమ్మ మాత్రం, “నీకు పెళ్ళి సేసీసి ఆ నోరు మూయించాల,” అనేది.

శ్రీకాకుళంలో సభల దగ్గర పంచే కరపత్రాలు తెచ్చుకుని చదివేవాణ్ణి. అవి చదివాక రక్తం ఉడికిపోయి నేనూ ఒకటి రాశాను. ‘సాంఘిక బహిష్కరణ అనే అమానుషం’ అని పేరు పెట్టాను. మావకి చదివి వినిపించాను. ఆయన గేలానికి ఎర కడుతూ చివరిదాకా విన్నాడు.

“ఇదంతా నా గురించేనేట్రా?”

“నీ గురించే మావా.”

“ఇంతేసి మాటలు నాకొద్దురా, బరువు. పడవ మునిగిపోతాది.” కాగితం తీసుకుని అందులో ఎర రొయ్యలు పొట్లం కట్టాడు. “ఊరిని తిట్టకురా అల్లుడా. తిడితే ఇంకా బిగిసిపోతారు. ఆళ్ళతో నాకు పేచీ ఏటి? అమ్మోరు నాకూ అమ్మోరే. ఆళ్ళు మాటాడితే సాలు.”

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఇంత పిరికితనం ఏమిటనుకున్నాను. ఒక్క మాట అనడానికి ఒప్పుకోని మనిషిని పట్టుకుని పిరికివాడు అనుకున్నానంటే నా చదువు ఏపాటిదో చూడండి.

ఏటా శివరాత్రికి ఆయనా అత్తా శ్రీముఖలింగం వెళ్ళేవారు. ఒక ఏడు తిరిగొచ్చి, బస్సు దిగుతూనే వెలిగిపోతున్న ముఖంతో నా దగ్గరికి వచ్చాడు. “ఓరే, ఎంత జనం అనుకున్నావు! ఒకడు కాలు తొక్కీసి నన్నే తిట్టినాడు. ఇంకొకావిడ ‘ఓ బాబూ, కొబ్బరికాయి కాస్త పట్టుకో’ అని సేతిలో ఎట్టీసి ఎల్లిపోనాది. లైన్లో ఉన్నంతసేపూ ఎవులో ఒకలు మాటాడుతూనే ఉన్నార్రా!” ప్రసాదం పెట్టడం కూడా మర్చిపోయాడు. అదంతా విని అత్త లోపలికి వెళ్ళిపోయింది.

ఇంకోసారి ఒడ్డున కూర్చుని తాడు ముడులు విప్పుతున్నాం. వెనకనుంచి ఎవరో పిల్లలు అరటిపండూ అని అరిచారు. మావ గిరుక్కున తిరిగి చూశాడు. పిల్లలు ఎవరో పండ్లమ్మే బండివాడిని పిలుస్తున్నారు. మావ మళ్ళీ తాడు అందుకుని, నన్ను చూడకుండా అన్నాడు: “ఈమధ్య ఆ పేరుకే పలుకుతన్నాన్రా. నా పేరు ఎవులైనా పిలిస్తే తెలుస్తాదో నేదో.”

పాఠకులారా, ఈ సంగతి బయటివాళ్ళకి చెప్తే నవ్వుతారు. మేమూ నవ్వుకున్నాం. ఎంత తెలివైన ఊరో చూడండి, పెద్దల మాటా నిలబెట్టాం, మావ సాయమూ పొందాం అని. ఆ తెలివే మా కొంప ముంచింది. పడవతో మాట్లాడటం అంత సుళువుగా కుదిరిపోయాక, వెలి ఎత్తేద్దాం అని మందిరం ముందు లేచి నిలబడాల్సిన అవసరం ఎవరికి? కోపం ఎప్పుడో చల్లారిపోయింది. కోపం లేని శిక్ష అలా సాగుతూనే ఉంది. పగబట్టినవాళ్ళు చేసిన పనైతే వాళ్ళమీద నాలుగు తిట్లు రాసి పారేసి ఉందును. ఇది అలవాటు చేసిన పని. దాన్ని ఏమని తిట్టాలో నేను చదివిన కాగితాల్లో ఎక్కడా లేదు.

గురువారం సంగతి చెప్పాలి.

ఆ పొద్దున్న మావ ఇంజను చెడిన పడవ ఒకదాన్ని మొగ బయటినుంచి లోపలికి లాక్కొచ్చాడు. దాని తాడు తన నడుముకి కట్టుకుని తెడ్డు వేశాడట, ఎదురు నీళ్ళలో. ఒడ్డుకి వచ్చాక కయాక్‌ని ఇసుక మీదికి లాక్కుని దానికి ఆనుకుని కూలబడ్డాడు. ఆ పడవతను వలలు దించుకుని ఇటు వచ్చాడు. చూస్తే మావ ముఖం చెమటతో తడిసిపోయి ఉంది. చెయ్యి గుండెమీద ఉంది. అతను కంగారుపడ్డాడు. కంగారులో అలవాటే నోటికొచ్చింది.

“అరటిపండూ, ఏటయినాది? ఒంట్లో బాగోనేదా?”

పడవని అడిగాడు. మావ కళ్ళెత్తి చూశాడు. ఎప్పుడూ పడవ తరఫున జవాబు చెప్పేవాడు, ఈసారి చెప్పలేదు. అతను జవాబు కోసం నిలబడే ఉన్నాడు. ఈ మాట అతనే నాకు చెప్పాడు, తలకాయ బాదుకుంటూ. “నాను జవాబుకి ఆగిపోనానురా. ఎందుకాగినానో తెల్దు. సెయ్యి పట్టుకోవాలని తోచనేదు.” తరవాత గంపతో అటు వచ్చిన అత్త ఆయన పేరు పెట్టి పెద్ద కేక పెట్టింది. అప్పుడు అందరూ పరుగెత్తారు. అంబులెన్సుకి ఫోన్ చేశారు. అది వచ్చేసరికి అయిపోయింది.

వెంటనే పట్టుకుని ఉంటే బతికేవాడా? నాకు తెలియదు. ఎవరూ చెప్పలేరు. అతన్ని ఏమీ అనను, అతని స్థానంలో మా ఊరి మగాళ్ళలో ఎవరున్నా అదే అడిగి ఉండేవారు. కానీ ఆఖరి ఘడియలో మనిషిని వదిలేసి ప్లాస్టిక్‌ని పలకరించాం. ఇది ఏ నీళ్ళతో కడిగినా పోదు.

మధ్యాహ్నం పెద్దలు అత్త గుమ్మం ముందు కొంచెం ఎడంగా నిలబడ్డారు. నాకు వినిపించేలా, అత్తకి చెప్పమని చెప్పారు. ఆయన తరఫున అత్త ఆ మాట అనేస్తే ఊరంతా కదులుతుందని. అత్త లోపలినుంచే వింది. గుమ్మంలోకి వచ్చి, నన్ను మధ్యవర్తిని చెయ్యకుండా, వాళ్ళ ముఖాలే చూసి అంది:

“నోరున్నప్పుడు ఆయన అన్నేదు. ఇప్పుడు నోరు నేదని నా సేత అనిపిస్తారేటి? ఎల్లండి. నాను నా మొగుడిని ఎత్తుకోగలను.”

ఎత్తుకోనవసరం లేకపోయింది. ఏరు దాటి వాళ్ళు వచ్చారు. ఆ పండగ రోజున నీళ్ళలోంచి తేలినవాళ్ళు, వాళ్ళ అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు. ఎవరినీ ఏమీ అడగలేదు. చెప్పులు విప్పి, తువ్వాళ్ళు నడుముకి బిగించి, భుజం పెట్టారు.

ఆ సాయంత్రం నేను పెద్దాయన దగ్గరికి వెళ్ళి నిలదీశాను. నీ కొడుక్కి ప్రాణం పోసినవాడిని అలా పంపించావేం తాతా అని అరిచాను. ఆయన అరుగుమీద తల దించుకుని కూర్చుని ఉన్నాడు.

“నాకు మనసు నేదనుకున్నావేట్రా? ఎవుడో ఒకడు ముందు లేవాల గదా. లేసి అడిగితే ఒగ్గీయడానికి నాను ఎన్నేళ్ళబట్టో సిద్ధంగానే ఉన్నాను.”

“నువ్వే లేవొచ్చుగా?”

“నానెలగ లేస్తాన్రా? నాను పెద్దని గదా.”

ఊళ్ళో ఎవరిని అడిగినా ఇదే. లేచేవాడి కోసం అందరూ కూర్చునే ఉన్నారు. ఆయన గుమ్మంలో, ఆయన పడవ మీద, ఊరి పిలుపు కోసం మావా అలాగే కూర్చుని ఉన్నాడు.

ఇప్పుడు అత్త సంగతి. ఊళ్ళో చేపలమ్మే ఆడవాళ్ళు సోమవారం సంతకి ఒకే ఆటోలో వెళ్తారు. వెలి పడ్డ నాటినుంచి అత్త ఆ ఆటో ఎక్కలేదు. ఎక్కితే తక్కినవాళ్ళు దిగిపోవాలి కదా. గంప నెత్తిన పెట్టుకుని సంతదాకా నడుస్తుంది. మావ పోయాక మొదటి సోమవారం ఇంట్లోనే ఉంది. ఆ తరవాతి ఆదివారం పక్క ఊరి రేవులో చేపలు కొనుక్కొచ్చింది. తిండి తినాలిగా మరి.

మొన్న సోమవారం తెల్లవారుతుండగా నేను ఆ రోడ్డు మీద ఉన్నాను. అత్త నెత్తిమీద గంప, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నడుస్తోంది. వెనకనుంచి ఆటో వచ్చింది. ఆమెని దాటిపోలేదు. ఆమె పక్కనే, ఆమె నడకతో సమానంగా, నత్తలా పోతోంది. లోపల ఆడవాళ్ళు ఒకరి ఒళ్ళోకి ఒకరు ఒరిగి ఇరుక్కుని, సీటు చివర ఒక మనిషికి పట్టే చోటు ఖాళీగా వదిలేశారు. ఎక్కమని ఎవరూ అనలేదు. అందరూ ముఖాలు పొలాల వైపు తిప్పుకున్నారు. డ్రైవరు హారన్ కొట్టలేదు. ఆ ఖాళీ చోటు అలా అత్త భుజం పక్కనే చాలా దూరం కదిలింది. చివరికి అత్తే ఆగి, “ఎల్లండే, మీ సేపలు పాడైపోతాయి,” అంది. ఆటో వెళ్ళిపోయింది.

అక్కలారా, చోటు మీరు ఉంచారు. మాట ఒక్కటే మిగిలింది. దానికి పెద్దల సమావేశం అక్కర్లేదు, నా కరపత్రమూ అక్కర్లేదు. ఒక్కరు పిలిస్తే ఆ ఒక్క ఇంటికి వెలి పడుతుంది, నిజమే. అన్ని ఇళ్ళూ ఒకేసారి పిలిస్తే ఎవరిని వేస్తారు, ఎవరు వేస్తారు? తాతా, నువ్వు ముందు లేవనక్కర్లేదు. అందరితో కలిసి లే.

వచ్చే సోమవారం పొద్దున్న ఐదున్నరకి ఐసు ఫ్యాక్టరీ ముందు ఆటో ఆగే చోటికి రండి. ఆడవాళ్ళే కాదు, మగవాళ్ళూ రండి. పెద్దలూ రండి. అత్త గంప దించి ఆటోలో పెట్టండి, ఆమెని వరస పెట్టి పిలవండి, వదినా, పిన్నీ, అక్కా, ఏది మీ వరసైతే అది. ఐదున్నరకే రావాలి. ఆమె ఎవరి కోసమూ ఆగదు, నడిచి వెళ్ళిపోతుంది.